రెండు జాడీలూ ఎవరివి?

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పెద్దమేనమామ సత్తెయ్య గారు. కందిచేనుకి కాపలా పోయినప్పుడు చెప్పాడు. ఆయన చెప్పినట్టే చెబుతాను, ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు.

అనగా అనగా మణిగిరి అని ఒక రాజ్యం. దాన్ని వజ్రబాహువు అనే రాజు ఏలేవాడు. ఆయన కొలువులో ఎక్కడా లేని ఉద్యోగం ఒకటుండేది. దాని పేరు తప్పులబంటు. రాజు ఏ పొరపాటు చేసినా అది తప్పులబంటు మీద పడుతుంది. రాజు గుర్రం మీంచి జారితే, తప్పులబంటుకి తిట్లు. చదరంగంలో ఓడితే, తప్పులబంటుకి పస్తు. తాతల నాటి ఆచారం కాబట్టి ఎవరూ ఇదేమిటని అడగలేదు. ఆ ఉద్యోగంలో ఉన్నవాడు పోలయ్య.

ఒక వేసవిలో రాజుకి ఆవకాయ తనే కలపాలని బుద్ధి పుట్టింది.

"చేతులు తుడుచుకుని పెట్టండి" అంది రాణి.

"కత్తి పట్టే చేతికి ఆవకాయ ఒక లెక్కా?" అని, అప్పుడే కడుక్కున్న తడి చెయ్యి ఆయన నేరుగా జాడీలో పెట్టేశాడు. ఆ ఊపులోనే మర్నాడు మాగాయ కూడా కలిపాడు. ఆ రోజు రాణి పక్కనే నిలబడి ఆయన చెయ్యి తుడిచింది.

కొన్నాళ్ళకి మూతలు తీశారు. మాగాయ ఘుమఘుమలాడింది. ఆవకాయ మీద మాత్రం తెల్లగా బూజు.

రాజు ముఖం మాడ్చుకున్నాడు. "పోలయ్యా, కోట ఆవకాయ చెడగొట్టావు. పొద్దుగుంకేలోగా రాజ్యం దాటిపో."

"ప్రభూ, ఇంట్లో పిల్ల పురిటికొచ్చి ఉంది. ఇప్పుడెక్కడికి పోను?"

"తీర్పు అయిపోయింది. చెయ్యి ఎవరిదైనా ఫలితం నీదే."

పోలయ్య బండి కట్టుకోవడానికి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే రాణి తమ్ముడు, పొరుగు రాజ్యపు రాజు, చుట్టపుచూపుగా వచ్చి భోజనానికి కూర్చున్నాడు. పక్కనే తిప్పన. మణిగిరి కొలువులో నోరున్నవాడంటే తిప్పనే.

బావమరిది మాగాయ కలుపుకుని ముద్ద నోట్లో పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. తరవాత చేతికున్న బంగారు కంకణం తీశాడు.

"బావా, ఇది ఎవరు కలిపారో ఆ చేతికి ఈ కంకణం."

రాజు చెయ్యి అప్పుడే ముందుకొస్తోంది. తిప్పన చటుక్కున లేచాడు. "ఉండండి మహాప్రభూ, ఆ చేతిని తీసుకొస్తాను" అని వీధిలోకి పోయి, బండికి తాళ్ళు బిగిస్తున్న పోలయ్యని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"చెయ్యి చాపు" అన్నాడు.

"నేను కలపలేదయ్యా" అన్నాడు పోలయ్య.

"ఎవడు కలిపితే ఏమిటి, నువ్వు చాపు."

రాజు ఊరుకోలేకపోయాడు. "తిప్పనా, మతి పోయిందా? మాగాయ కలిపింది నేను."

"మీరు కలిపారని నాకూ తెలుసు. కానీ పొద్దున మీరే సెలవిచ్చారు కదా, చెయ్యి ఎవరిదైనా ఫలితం పోలయ్యదని. బూజు వాడిదైనప్పుడు కంకణం కూడా వాడిదే. మీ తాతలు పెట్టిన ఆచారం, నేను మార్చగలనా? ఇకమీదట మీరు గెలిచిన యుద్ధాలకి కూడా వీడినే ఏనుగెక్కించి ఊరేగిద్దాం. మీరు కాసేపు పడుకోవచ్చు."

బావమరిదికి పొలమారింది. "ఏం బావా, ఇక్కడ రాజు ఎవరు?"

రాజు కంకణం వంక చూశాడు. పోలయ్య వంక చూశాడు. వాకిట్లో సామాను కట్టిన బండి కనిపించింది. చివరికి తన చేతి వంక చూసుకున్నాడు.

"తడి చెయ్యి నాదే" అన్నాడు. అంటూనే నవ్వేశాడు. "రెండు జాడీలూ నావే. పోలయ్యా, సామాను దింపుకో. ఇంటికి పోయి మనవణ్ణో మనవరాల్నో ఎత్తుకో."

కంకణం రాజు చేతికెక్కింది. వెంటనే ఆయన దాన్ని తీసి తిప్పనకి తొడిగాడు.

"మరి వీడి ఉద్యోగం మహాప్రభూ?"

"ఉంటుంది. నేను పొరపాటు చేసినప్పుడల్లా ఎదురుగా నిలబడి, ఇది ఎవరు చేశారని అడగాలి. నేనే అని నేను చెప్పాలి."

పోలయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే ప్రభూ, ఆవకాయ ఎవరు చెడగొట్టారు?"

"నేనేరా" అన్నాడు రాజు. పంక్తి పంక్తంతా నవ్వింది.

ఇదీ అసలు కథ. మా ఊరి నాగభూషణం పెళ్ళిపందిట్లో ఇదే కథ చెబుతూ ఆవకాయని నిమ్మకాయ పచ్చడని చెప్పాడు. కాదురా అంటే, "నీకేం తెలుసు తాతా" అన్నాడు నలుగురిలో. ఆనాటి నుంచి వాళ్ళ గడప తొక్కలేదు, తొక్కను. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు, నా మాట అతను లెక్కచెయ్యడు. రాత బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఒకసారి అతని దగ్గరికి పోయి, అది ఆవకాయేనని దిద్ది రండి.