పట్టు ముసుగులో పందెం కారు

అనగనగనగా, గుర్రాలకు వయసు మళ్ళి మోటార్లకు మీసాలు మొలుస్తున్న రోజుల్లో, నెమలిదుర్గం అనే చిన్న సంస్థానం ఒకటి ఉండేది. దానికొక కొండ. కొండ మీద కోట. కోటలో రాజావారు.

రాజావారికి ఒక పందెం కారు ఉండేది. ఎర్రటిది. ఎంత ఎర్రనంటే, వాన వెలిసిన సాయంత్రం పడమటి దిక్కున ఒక్క క్షణం నిలిచి మాయమవుతుంది చూడండి, ఆ ఎరుపు. పొడుగాటి ముక్కు, ఇద్దరికే చోటు. అది ఊళ్ళోంచి పోతుంటే ముందు చప్పుడు వచ్చేది, తరువాత గాలి వచ్చేది, ఆఖరున దుమ్ము వచ్చేది. కారు మాత్రం అప్పటికే పక్క ఊళ్ళో ఉండేది.

కొండ కింద మురారి అని ఒక యువకుడున్నాడు. ఎడ్లబళ్ళు తోలుకుని బతికే ఇల్లు వాళ్ళది. ఎద్దుల మెడలో గంటల మధ్యనే పెరిగాడు గానీ, వాడి కలల్లో గంటలు మోగేవి కావు. ఆ ఎర్ర కారే మోగేది.

రాజావారికి మోకాళ్ళు పట్టేశాయి. ఇక పందేలెక్కడివి? ఒకరోజు తన వాహనాలను పంచి పెట్టేశారు. ఏనుగును కొండ పక్క మఠానికి ఇచ్చారు. తెల్ల గుర్రాన్ని షావుకారు కనకయ్య కొనుక్కున్నాడు. ఎర్ర కారు కోసం మురారి తన వాటా జీడితోట ఇచ్చేస్తానన్నాడు.

"నీకెందుకబ్బాయీ ఇది?" అని అడిగారు రాజావారు.

"ప్రేమండి."

"దేని మీద?"

మురారి కాసేపు తడుముకున్నాడు. "రంగు మీదండి" అన్నాడు.

రాజావారు మీసం చాటున నవ్వుకున్నారు. "సరే. తీసుకుపో. మా కోట ఆచారం తెలుసు కదా?"

తెలియనివాళ్ళెవరు? కోట విడిచి వెళ్ళిన ఏనుగైనా, గుర్రమైనా, మరేదైనా సరే, దసరా ఆయుధపూజకు తన సత్తువతో తాను కొండెక్కి రావాలి. ఎవరి చేతిలో ఎలా బతుకుతోందో రాజావారు స్వయంగా చూస్తారు. రాలేకపోయిందా, అది మళ్ళీ కోటకే. దాని బదులు ఇచ్చింది తిరిగి రాదు.

"తప్పకుండా తెస్తానండి" అన్నాడు మురారి. రాజావారు పక్కన కూర్చుని నడపడం నేర్పుతుంటే, గాలిలో తేలినట్టు ఇంటికి వచ్చాడు.

ఇంటి ముందు వదిన గవరమ్మ చీపురు పట్టుకుని నిలబడింది.

"జీడితోట ఇచ్చి ఇనప్పెట్టె తెచ్చావా మరిదీ?"

"ఇది ఇనప్పెట్టె కాదు వదినా. మెరుపు!"

"మెరుపుకి గడ్డి వెయ్యక్కర్లేదు, అదొక్కటీ నయం" అంది గవరమ్మ. అన్నదే గానీ, దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ముక్కు మీద పసుపూ కుంకుమా పెట్టింది.

మురారి కారును పాకలో పెట్టాడు. దాన్ని చూస్తుంటే వాడికి కళ్ళు చెమర్చాయి. ఇంత అందమైనదాన్ని ఉత్త పాకలో ఎలా ఉంచడం?

"వదినా, నీ పెళ్ళి పట్టుచీర ఇస్తావా? కప్పుతాను."

"అయ్యో రామ! నా పెళ్ళిచీర నీ కారుకా? రేపు దానికి సీమంతం కూడా చేస్తావా?"

అయినా పాపం, వాడి మొహం చూసి ఇచ్చింది.

చలికాలం వచ్చింది. "సంతకి తీసుకెళ్ళవయ్యా" అంది గవరమ్మ. "మంచు పడితే మెరుపు పోతుంది వదినా" అన్నాడు మురారి.

వేసవి వచ్చింది. "మా పుట్టింటికి తీసుకెళ్ళవయ్యా" అంది. "ఎండకి రంగు వెలుస్తుంది వదినా" అన్నాడు.

వానలు వచ్చాయి. "పోనీ వీధి చివరి దాకా తీసుకెళ్ళవయ్యా" అంది. "బురద!" అన్నాడు మురారి, ఆ మాటకే ఒళ్ళు జలదరించినట్టు.

రోజూ పొద్దున్నే ముసుగు ఒక అంచు తొలగించి, మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. దాని పక్కనే కూర్చుని, సముద్రం ఒడ్డున తనూ అదీ పరుగెడుతున్నట్టు కలలు కనేవాడు. కలల్లో వాళ్ళిద్దరూ ఎన్నో ఊళ్ళు తిరిగారు. నిజంలో పాక దాటలేదు.

దసరా దగ్గరపడింది. మురారి పట్టుచీర తీసి, ముందున్న హ్యాండిలు పట్టి తిప్పాడు.

చప్పుడు లేదు.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ఉహూఁ.

అప్పుడు సీటులోంచి ఒక ఎలుక తల బయటపెట్టింది. "ఎవరయ్యా అది, పొద్దున్నే తలుపులు బాదుతున్నారు? పిల్లలు పడుకున్నారు!"

మురారి అదిరిపడ్డాడు. "ఇది నా కారు!"

"నీదా? ఎన్నడూ ఇందులో కూర్చోగా చూడలేదే! కాపురం చేసేవాళ్ళది కదా ఇల్లు? మెత్తటి సీటు, కొరుక్కోవడానికి తీగలు. ఏ లోటూ లేదు నాయనా, నీ దయవల్ల."

వెనక పొగగొట్టంలోంచి కందిరీగ ఝుమ్మంది. "గొట్టం నిండా మట్టిగూడు కట్టుకున్నాం. పొగ లేదు, పోటు లేదు. నీలాంటి యజమాని జన్మజన్మలకీ దొరకాలి."

ముందు జాలీలోంచి ఉడుత చంకలు కొట్టుకుంది. "చింతగింజలు దాచుకోవడానికి ఇంతకన్నా చల్లటి చోటేదీ? పైగా పట్టు పరదా! నీకు పుణ్యముంటుంది బాబూ."

మురారికి ఏడుపొచ్చింది. "ఏడాదంతా కంటికి రెప్పలా చూసుకున్నానే!"

"చూసుకున్నావు" అంది ఎలుక. "పైపైన. లోపలికి తొంగి చూశావా ఎప్పుడైనా?"



"దయచేసి వెళ్ళిపోండి" అని మురారి చేతులు జోడించాడు.

"పొమ్మంటే పోయేవాళ్ళం కాదు" అంది ఎలుక, పిల్లల మీద పీచు కప్పుతూ. "బండి కదిలిందా, మేమే పోతాం. కదిలే ఇంట్లో ఎవరుంటారు?"

ఆ రోజు మురారి మొట్టమొదటిసారి చొక్కా విప్పి కారు కిందికి దూరాడు.

పుల్ల పెట్టి గొట్టంలో మట్టి రాల్చాడు. జాలీలోంచి చింతగింజలు ఏరి చెట్టు మొదట్లో పోశాడు. ఎలుక పిల్లలను ఎండుగడ్డి బుట్టలోకి మార్చాడు. తెగిన తీగలు అతికాడు. పాడైన పెట్రోలు వంచేసి కొత్తది పోశాడు. ఎలాగూ బళ్ళవాళ్ళ బిడ్డ కదా, ఇరుసులకు కందెన పెట్టడం చేతికి తెలిసిన పనే. సాయంత్రానికి వాడి మొహం పొయ్యి మీద కుండలా తయారైంది.

గవరమ్మ కొంగు నడుముకు దోపి కారును వెనకనుంచి తోసింది. "తోసీ తోసీ నా నడుం విరిగింది. జీడితోటయితే తోసే పనే ఉండేది కాదు!"

ఆమె మాట పూర్తి కాకుండానే కారు దగ్గింది. తుమ్మింది. గర్జించింది!

ఆనాటి నుంచి మురారి రోజూ దాన్ని తీసుకుని తిరిగాడు. ఒకసారి సంతలో ఆగిపోయింది; నీళ్ళు మరిగిపోయాయని తెలుసుకున్నాడు. ఒకసారి తాడితోపు దగ్గర మూలిగింది. ఏ చక్రం ఏడుస్తోందో చెవి ఆనించి తెలుసుకున్నాడు. ఒకసారి చాకిరేవు దగ్గర గేదె కొమ్ము గీసి, పక్కంతా పొడుగాటి గీత పడింది. మురారి ఆ గీత మీద చెయ్యి వేసి చూశాడు. చిత్రం! అనుకున్నంత బాధ కలగలేదు. ఎందుకో తెలియదు గానీ, ఆ రోజు కారు చక్కగా పాడుతూ పరుగెత్తింది.

కానీ కొండ? కొండ మాట వేరు. ఎంత ప్రయత్నించినా సగం దారిలోనే ఆయాసపడి నిలిచిపోయేది.

దసరా ముందు రోజు షావుకారు కనకయ్య వచ్చాడు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ముక్కు చిట్లించాడు.

"అయ్యో, ఏమిటోయ్ ఈ గీతలు! సీటు మీద గోనెసంచీ! దీన్ని ఇలాగే రాజావారికి చూపిస్తావా?"

"ఏం చేయనండి? ఇలాగే ఉంది మరి."

కనకయ్య గొంతు తగ్గించాడు. "పిచ్చివాడా, లోకం చూసేది మెరుపునే. రంగు వేయించు. కొండ వెనక దారిలో ఎద్దులతో లాగించు. కోట గుమ్మం ముందు విప్పేసి, నాలుగు గజాలు నడిపించు. మెరుస్తూ దిగుతుంది. నేను నా గుర్రాన్నేం చేస్తున్నాననుకున్నావు? బండెక్కించి తీసుకెళుతున్నాను."

"గుర్రాన్ని బండెక్కిస్తారా!" అని నోరు తెరిచింది గవరమ్మ. "రేపు ఎద్దుని ఉయ్యాల్లో వేస్తారేమిటండీ?"

కనకయ్య వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు. కానీ ఆ మాట మురారి మనసులో ముల్లులా దిగింది. కారు కొండెక్కకపోతే కారూ పోతుంది, తోటా పోయింది. ఎద్దులు ఇంట్లోనే ఉన్నాయి. తాడూ ఉంది. వాడు లేచి, ఎద్దులను తోలుకొచ్చి, కారు ముక్కుకు తాడు కట్టాడు.

కట్టి, కాసేపు అలా నిలబడి చూశాడు. ఎద్దుల వెనక ఆ ఎర్ర కారు తల వంచుకున్న పెళ్ళికూతురులా ఉంది. వాడికి ఏదో సిగ్గు వేసింది.

"ఇలా లాగించుకెళితే ఇది నాదవుతుందేమో గానీ వదినా, కారు అవదు" అన్నాడు. తాడు విప్పేశాడు.

"పోతే?"

"పోతే పోనీ. ఒక్కరోజైనా నిజంగా పరుగెత్తించాను కదా."

 మర్నాడు పొద్దున్నే గవరమ్మ ఒక నీళ్ళబిందె, ఒక రాయి పట్టుకుని కారులో ఎక్కి కూర్చుంది. బళ్ళవాళ్ళింటి ఆడది కదా, ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం వెనక రాయి వెయ్యాలని ఆమెకొకరు చెప్పాలా?

కొండ దారికి మూడు మలుపులు. మొదటి మలుపు దగ్గర నీళ్ళు మరిగాయి. చల్లారనిచ్చి బిందె వంచారు. రెండో మలుపు దగ్గర చక్రం కీచుమంది, కందెన పూశారు. మూడో మలుపు అన్నిటికన్నా నిటారు. అక్కడ కారు ముక్కు ఆకాశానికి ఎత్తి, ఒక్క నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

పైన కోటలో బాకాలు ఊదుతున్నారు. ఎంత తిప్పినా చలనం లేదు.

"ఇక చాలు మరిదీ" అంది గవరమ్మ మెల్లగా. చక్రం వెనక వేసిన రాయి తీసింది.

కారు వెనక్కి దొర్లి, మలుపులో ఇటు తిరిగి, ముక్కు కిందికి పెట్టి నిలబడింది. మురారి ఊరికే, ఆఖరిసారి అన్నట్టుగా, హ్యాండిలు తిప్పాడు. బుర్రుమంది!

వాడు ఆశ్చర్యపోయాడు. ముక్కు పైకెత్తితే ఊపిరి ఆగుతోంది. కిందికి దించితే వస్తోంది. ఎందుకు? పెట్రోలు తొట్టి సీటు కింద ఉంది. ఇంజను ముక్కులో ఉంది. వంచిన చెంబులో నీళ్ళు ఎటు పోతాయి? పల్లానికే కదా! ముక్కు పైకెత్తితే పెట్రోలు వెనకే ఉండిపోతోంది.

"వదినా, దిగి దారి చూపించు! వెనక్కి ఎక్కిద్దాం!"

"వెనక్కా? కొండనా?"

"వెనక్కే!"

గవరమ్మ వెనక్కి వెనక్కి నడుస్తూ, "కుడికి! ఇంకా కుడికి! అబ్బే, నా కుడి కాదు నాయనా, నీ కుడి!" అని అరుస్తుంటే, కారు పీతలా వంకరటింకరగా, వీపు ముందు పెట్టుకుని కొండెక్కింది.

కోటలో కొలువు తీరి ఉంది. మఠం ఏనుగు వచ్చింది. రాజావారు దాని గోళ్ళు చూశారు. నడిచి నడిచి నున్నగా అరిగి ఉన్నాయి. "బాగుంది, ఉంచుకోండి" అన్నారు.

కనకయ్య గుర్రం వచ్చింది. మెడ నిండా బంగారు గజ్జెలు. రాజావారు దాని వీపు మీద చెయ్యి వేశారు. "కొండెక్కిన గుర్రానికి చెమట చుక్క లేదు. అంటే కొండే కిందికి దిగి వచ్చిందన్నమాట." కొలువంతా గొల్లుమంది. గుర్రం కోట శాలకు నడిచింది. కనకయ్య నేల చూపులు చూశాడు.

అప్పుడే గుమ్మంలోంచి పొగలు కక్కుతూ ఎర్ర కారు వచ్చింది. తోక ముందు, ముక్కు వెనక!

"రాజుకు వీపు చూపిస్తాడా! ఎంత పొగరు!" అన్నాడు దివాను.

మురారి దిగి సాష్టాంగపడ్డాడు. మొహమంతా మసి.

"తప్పు మన్నించండి ప్రభూ. ముందుకు తిప్పితే రానంది, వెనక్కి తిప్పితే వచ్చింది. ముక్కు పైకెత్తితే దీనికి పెట్రోలు అందదండి. రంగు పోయింది, సీటు చిరిగింది. చాలాకాలం ముసుగు కప్పి ఉంచాను, ఆ తప్పు నాదే. కానీ ఏ ఎద్దూ దీన్ని లాగలేదు."

రాజావారు కర్ర ఊతంగా లేచి వచ్చారు. గీతను చూడలేదు. గోనెసంచీని చూడలేదు. ముక్కు మీద అరచెయ్యి వేశారు. "అబ్బా!" అని చటుక్కున వెనక్కి తీసుకున్నారు. కాలిన చేతిని చూసుకుని, చిన్నపిల్లాడిలా పకపకా నవ్వారు.

"ఆ మూడో మలుపు దగ్గర నా కుర్రతనంలో నేనూ కూలబడ్డాను. నేనూ వెనక్కే ఎక్కాను. రాజు వెనక్కి నడిచాడంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నడిపినవాడికి తప్ప ఇది ఆ రహస్యం చెప్పదబ్బాయీ. ఇక ఏ దసరాకీ నాకు చూపించక్కర్లేదు. ఇది నీది." మళ్ళీ అడిగారు: "ఇప్పుడు చెప్పు, దేని మీద ప్రేమ?"

మురారి మసి చేతులతో కారు వైపు చూశాడు.  పొగలు కక్కుతున్న ఆ వేడి ముక్కును, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు తాకినట్టు, మెల్లగా తాకాడు.

అందుకే పెద్దలంటారు: ముసుగు కప్పి మొక్కడం మోజు, మసి అంటించుకుని బాగోగులు చూడడం ప్రేమ, మోజుపడ్డది ఏదో ఒకనాడు చేజారుతుంది, ప్రేమతో చూసుకున్నదే మనదై నిలుస్తుంది.