కొత్త కోచ్ కావాలి

ఆ ఏడాది కొండ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ గోల్ అనే మాటే మరిచిపోయింది. వెనకాల ఆడేవాళ్ళు ప్రాణం పెట్టి ఆడుతున్నారు. గోల్‌కీపర్ ఎగిరి ఎగిరి నడుం పట్టేసుకున్నాడు. ఎన్ని చేసి ఏం లాభం? ముందుకు పోయి బాల్‌ని ఆ వలలోకి కొట్టే నాథుడే లేడు.

దాంతో రాయచోటి ఊరు రెండుగా చీలింది. పిల్లకాయలకు సత్తా లేదని ఒక పక్షం. తప్పంతా బెంజిమన్ సార్‌దేనని ఇంకో పక్షం. బెంజిమన్ సార్ అంటే ఫార్వర్డ్ ఆటగాళ్ళకు ఎటాక్ నేర్పమని కాలేజీ వాళ్ళు కోలారు నుంచి పిలిపించుకున్న కోచ్. ఏడాది ఒప్పందం. పెళ్ళాన్నీ, కూతుర్నీ వెంటబెట్టుకొని వచ్చి, ఆ పిల్లను ఇక్కడే బళ్ళో వేశాడు. నెమ్మదైన మనిషి. గోల్స్ పడనప్పుడు నెమ్మది కూడా తప్పే కదా!

ఈ రెండో పక్షానికి గొంతు ఓబులేసు. హుస్సేన్ పీరా ఉస్తాద్ దగ్గర సైన్‌బోర్డుల పని నేర్చుకొని, ఇప్పటికీ ఆయన అంగడిలోనే రాస్తున్న శిష్యుడు. చదువుకునే రోజుల్లో అదే కాలేజీకి లెఫ్ట్ సైడ్ ఆడాడు. అందువల్ల ఆట గురించి తనకు తెలిసింది ఊళ్ళో ఇంకెవడికీ తెలీదని గట్టి నమ్మకం. గ్యాలరీలో కూర్చొని అతను "ఛ!" అన్నాడంటే అవతలి గోల్‌పోస్టు దాకా వినపడుతుంది. అతని వెనకే గ్యాలరీ మొత్తం "ఛ!" అంటుంది. అదొక సరదా వాళ్ళకు.

శుక్రవారం సాయంత్రం టీ అంగడి దగ్గర మాట తేలిపోయింది.

"ఆదివారం మ్యాచ్‌కు కాలేజీ కరస్పాండెంట్ వస్తాండాడు" అన్నాడు గంగిరెడ్డి. ఆయనకు మోటారు సైకిళ్ళ సామాన్ల అంగడి ఉంది, అంతకన్నా ఎక్కువగా నోరుంది. "జనం వద్దంటే సోమవారమే ఆ సారును పంపించేస్తానని నాతోనే అన్నాడప్పా. జనం వద్దంటాండారని ఆయనకు కనపడాల. పెద్ద బ్యానర్ కట్టాల."

"ఫ్లెక్సీ ఏపిస్తే పోలా?" అన్నాడు ఎవరో.

"ఫ్లెక్సీ షాపు కరస్పాండెంట్ బామ్మర్దిది. ఏస్తాడా వాడు? అయినా మన ఓబులేసు ఉండంగా ఫ్లెక్సీ ఎందుకు! కొత్త కోచ్ కావాలి. అంతే. గుడ్డ మీద మనిషెత్తు అక్షరాలు రాయాల."

ఓబులేసు ఛాతీ ఉప్పొంగింది. సరేనన్నాడు.

ఇంటికి పోతుంటే బట్టల అంగడి ముందర బెంజిమన్ సార్ కనపడ్డాడు. కూతురికి స్కూలు యూనిఫాం గుడ్డ కొలిపిస్తున్నాడు. ఆ పిల్ల రంగు ఇది కాదని తండ్రితో వాదిస్తోంది. ఓబులేసు తల తిప్పుకొని నడిచాడు గానీ, నాలుగడుగులు పోయి మళ్ళీ వెనక్కి చూశాడు. బ్యానర్ పైకి లేస్తే ఆ పిల్ల నడిమధ్యలో బడి మానాలి. తాను రాయబోయేది న్యాయమేనని ఎవరన్నా పెద్దమనిషి ఒక్క మాటంటే బాగుండనిపించింది.

నేరుగా ఉస్తాద్ దగ్గరికి పోయాడు.

"ఉస్తాద్, ఒక బ్యానర్ రాయాల."

"రాయి."

"మామూలు బ్యానర్ కాదు" అంటూ కూర్చొని సంగతంతా చెప్పాడు. ఉస్తాద్ పుట్టి బుద్ధెరిగాక ఒక్క మ్యాచ్ చూసింది లేదు. అంతమంది ఒక్క బాల్ కోసం కొట్టుకోవడమెందుకు, తలా ఒకటి కొనిస్తే పోయె కదా అనే రకం. అయినా చెవి పెట్టి విన్నాడు.

"గోల్ ఎందుకు పడ్లేదప్పా?" అని అడిగాడు చివరికి.

"ముందరికి బాల్ పోదు ఉస్తాద్. మధ్యలో రెడ్డెప్ప అని ఒక పిల్లోడు ఉండాడు. మంచి ఆటగాడే. బాల్ కాలికి తగిలిందంటే చాలు, వెనక్కి ఇచ్చేస్తాడు. ముందర ఇంతియాజ్ పరిగెత్తి పరిగెత్తి నిలబడిపోతాడు, వాని దాకా బాల్ రాదు. నేర్పేవాడు సరిగ్గా నేర్పింటే ఇట్లయితాదా? మీరే చెప్పండి, కోచ్ మారాల్నా వద్దా?"

ఉస్తాద్ లేచి తెల్లగుడ్డ తీసి ఓబులేసు చేతిలో పెట్టాడు.

"రేపు పొద్దున రాయి. అంగడి లోపల వద్దు, వెలుతురు చాలదు. టీ అంగడి గోడకు గుడ్డ కట్టి రాయి."

"అక్కడ జనం ఉంటారే."

"ఉండనీలే. వాళ్ళ బ్యానరే గదా."

పొద్దున్నే తెల్లగుడ్డ గోడకెక్కింది. ఓబులేసు చాక్‌పీసు పూసిన దారం లాగి వదిలి పైన ఒకటి, కింద ఒకటి గీతలు కొట్టాడు. డబ్బాలో ఎర్ర పెయింట్ కలిపాడు. వార్త తెలిసి జనం టీ గ్లాసులతో సహా చుట్టూ చేరారు. గంగిరెడ్డి కుర్చీ వేయించుకొని మరీ కూర్చున్నాడు. ఉస్తాద్ వాళ్ళ వెనకాల బెంచీ మీద టీ ఊదుకుంటూ కూర్చున్నాడు.

మొదటి అక్షరం బ్రహ్మాండంగా పడింది. రెండో అక్షరం వంపు దగ్గర గంగిరెడ్డి నోరు విప్పాడు.

"కొంచెం లావయినట్టుండాదే!"

"లావు కాదన్నా, పక్కకు పోయింది" అన్నాడు ఇంకొకడు.

ఎవరో "ఛ!" అన్నారు. పక్కనున్నవాళ్ళూ అన్నారు.

కుంచె గుడ్డ మీద పెట్టాక చెయ్యి ఆగకూడదు. వంపు మొదలుపెడితే ఊపిరి బిగబట్టి చివరిదాకా లాగెయ్యాలి, మధ్యలో ఆగితే అతుకు తెలిసిపోతుంది. ఓబులేసుకు ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా తెలుసు. అయినా ఆ "ఛ" చెవిలో పడగానే చెయ్యి ఆగింది. అతుకు తెలిసిపోయింది.

"అదిగో, అక్కడ తప్పింది!"

"అరెరె, కారుతాండాది చూడు!"

ఓబులేసు పాతగుడ్డతో తుడిచాడు. మళ్ళీ చాక్‌పీసు తీసి గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. పెద్ద కుంచె పక్కన పెట్టి చిన్న కుంచె తీసుకున్నాడు. చిన్న కుంచెతో తప్పు పోయినా చిన్న తప్పే అవుతుంది కదా. ఒక్కో అక్షరానికి ముందు వెనక్కి తిరిగి జనం మొహాలు చూసుకోవడం మొదలుపెట్టాడు. వాళ్ళు కనుబొమలు ఎగరేస్తే ఆగాడు, తలాడిస్తే కొంచెం గీశాడు. మొదటి మాట గోడంత ఉంది. చివరి మాటకు వచ్చేసరికి అక్షరాలు మోకాలెత్తుకు దిగిపోయాయి. మొదట అరిచి, చివర్లో గొణిగినట్టుంది బ్యానర్.

గంగిరెడ్డికి చిరాకేసింది. "ఏం ఉస్తాద్! మీ శిష్యునికి చెయ్యే రాదే! ఎవరప్పా వీనికి పని నేర్పింది?"

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టాడు. "నేనే నేర్పినా."

"అయితే వీనికి ఇంకో ఉస్తాద్‌ను చూడాల్సిందే!" అన్నాడు పక్కవాడు.

అందరూ గొల్లుమన్నారు. ఉస్తాద్ కూడా కడుపారా నవ్వాడు. "చూడండప్పా, చూడండి. మంచోడు దొరికితే నాక్కూడా చెప్పండి."

ఓబులేసుకు ఒళ్ళు మండిపోయింది. తనని ఎన్నయినా అననీ. ఉస్తాద్‌ని అంటారా? ఊళ్ళో సగం బోర్డులు ఆయన రాసినవి, మిగతా సగం తాను రాసినవి. నేర్పిన మనిషి తప్పేముంది ఇందులో? నా చెయ్యి బాగానే ఉంది, మీరు కాసేపు నోరు మూసుకుంటే చాలు అని అరిచేద్దామని గిర్రున తిరిగాడు.

అరవబోయిన మాట ముందు తనకే వినపడింది.

నవ్వుతున్న జనం మధ్య నుంచి ఉస్తాద్ కనపడుతున్నాడు, ఎప్పటిలాగే వీధి వైపు తిరిగి. పని నేర్చుకున్న ఇన్నేళ్ళలో తన చెయ్యి కదులుతుండగా ఉస్తాద్ ఒక్కసారీ చూడలేదని ఓబులేసుకు అప్పుడు తట్టింది. తాను కుంచె పట్టుకుంటే ఆయన వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. రంగు ఆరాకనే లేచి దగ్గరికొచ్చేవాడు. ఆయనకు వీధి చూడటం ఇష్టమేమో అనుకున్నాడు ఇన్నాళ్ళూ, వెర్రి మొహం!

కుంచె తీసుకుపోయి కడగడానికి టర్పెంటైన్‌లో ముంచాడు.

"అదేందప్పా? ఇంకో అక్షరం మిగిలింది!" అన్నాడు గంగిరెడ్డి.

"రాయనన్నా."

"ఎందుకు రాయవు?"

"రేపు ఫస్ట్ హాఫ్ అయ్యేదాకా మనం నోరు మూసుకొని కూచుందాం. ఒక్క మాట రాకూడదు మన దిక్కు నుంచి. అప్పటికీ బాల్ వెనక్కే పోతే, నేనే పైకెక్కి దీన్ని కడతా."

"బెంజిమన్ నీకేమన్నా చుట్టమా?"

"కాదు."

"మరి వానికీ మన నోటికీ ఏం సంబంధం?"

ఓబులేసు టర్పెంటైన్‌లో కుంచె తిప్పాడు. తనకు తెలిసినట్టే ఉంది, చెప్పడానికి మాత్రం చేతకావడం లేదు. గంగిరెడ్డి చాలాసేపు గొణిగి చివరికి ఒప్పుకున్నాడు. బ్యానర్ మాత్రం చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఒక్క అక్షరం లేకపోతే కొంపలేం మునగవు, చదివేవాళ్ళకు తెలుస్తుందిలే అన్నాడు. ఉస్తాద్ అప్పటికే లేచి అంగడికి పోయాడు.

ఆదివారం గ్యాలరీ నిండింది. ముందు వరసలో కుర్చీలో కరస్పాండెంట్ కూర్చున్నాడు. ఆయన కిందుగా, గ్రౌండ్ అంచున బెంచీ మీద బెంజిమన్ సార్ చేతులు కట్టుకొని కూర్చున్నాడు.

ఆట మొదలయింది. రెడ్డెప్పకు బాల్ వచ్చింది. వెనక్కి ఇచ్చాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెనక్కే.

"విప్పమంటావా?" అన్నాడు గంగిరెడ్డి చెవిలో.

"ఉండన్నా."

"బాల్ వచ్చినప్పుడంతా కోచ్ దిక్కు చూస్తాండాడు చూడు ఆ పిల్లోడు. ఆ మహానుభావుడు నోరిప్పి ఒక్క మాటన్నా చెప్తాండాడా?"

నిజమే. కాలికి బాల్ తగిలినప్పుడల్లా రెడ్డెప్ప ఇటు వైపు ఒక చూపు పారేస్తున్నాడు. ఓబులేసు కూడా ఈ సీజనంతా అది చూస్తూనే ఉన్నాడు. గ్యాలరీ ఆ రోజు ఎవరో పెద్దాయన పోయిన ఇంటిలా నిశ్శబ్దంగా ఉంది. అవతలి ఊరి జనం వింతగా చూస్తున్నారు.

కొంతసేపటికి రెడ్డెప్ప, ఏమనుకున్నాడో ఏమో, బాల్‌ని ముందుకు తన్నాడు. ఇంతియాజ్ పరిగెత్తాడు గానీ, నడుమ అవతలివాడు కాలు అడ్డం పెట్టి లాక్కుపోయాడు.

"ఛ" అనడానికి ఓబులేసు నాలుక దానంతటదే అంగిట్లోకి లేచింది. పళ్ళు బిగించి ఆపుకున్నాడు. పక్కన గంగిరెడ్డి మొహం ఎర్రబడింది. పాపం, ఆ మనిషికి అదెంత కష్టమో!

బాల్ పోగొట్టుకున్న రెడ్డెప్ప భుజాలు ముడుచుకొని ఇటు తిరిగాడు. బెంచీ వైపు కాదు. బెంచీ పైన, గ్యాలరీ వైపు. దెబ్బ పడబోతుందని తెలిసిన పిల్లాడిలా కళ్ళు చిట్లించి నిలబడ్డాడు. చూసి చూసి వాడి చూపు సరిగ్గా ఓబులేసు మీద ఆగింది.

వాడు ఇన్నాళ్ళూ చూస్తున్నది బెంజిమన్ సార్‌ని కాదు.

గ్యాలరీ నుంచి ఏమీ రాలేదు. రెడ్డెప్ప ఒక్క క్షణం నమ్మలేనట్టు నిలబడి, తర్వాత పరుగందుకున్నాడు. మళ్ళీ బాల్ దొరికింది. ఈసారి ఇటు చూడలేదు. తల ఎత్తి ఇంతియాజ్‌ని చూసి, మైదానం సగం దాటేటట్టు పొడుగ్గా కొట్టాడు. ఇంతియాజ్ అందుకున్నాడు, ఒకణ్ణి తప్పించుకున్నాడు, కొట్టాడు. బాల్ గోల్ మీదుగా పోయి అవతల ముళ్ళకంపలో పడింది.

గోల్ కాలేదు. అయినా గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. గంగిరెడ్డి అందరికంటే ముందు లేచాడు. ఒళ్ళోని బ్యానర్ జారి మెట్ల కిందికి దొర్లిపోయినా చూసుకోలేదు. "అబ్బ! అబ్బ! అట్ల ఇయ్యాల రెడ్డెప్పా! ఇంకోసారి ఇయ్యి!" అని గొంతు చించుకున్నాడు. కొన్నాళ్ళుగా బూజు పట్టిన మాటలవి.

కరస్పాండెంట్ వెనక్కి తిరిగాడు. "ఏమప్పా గంగిరెడ్డీ, ఏదో బ్యానర్ కడతామంటిరే? యాడ?"

గంగిరెడ్డి ఓబులేసు మొహం చూశాడు.

"అక్షరాలు సరిగ్గా రాలేదు సార్" అన్నాడు ఓబులేసు. "వద్దులే."

"మరి కోచ్ సంగతి? సోమవారం చెప్పెయ్యాల నేను."

"ఉండనీండి సార్."

"ఇది నీ మాటా, ఊరి మాటా?"

ఓబులేసు గంగిరెడ్డి వైపు తిరిగాడు. గంగిరెడ్డి తల గోక్కున్నాడు, గ్రౌండ్ వైపు చూశాడు, మళ్ళీ తల గోక్కున్నాడు. "ఉండనీలే సార్. మాదే, ఊరి మాటే" అన్నాడు.

"మీ ఇష్టం. నాకేం, ఉంటాడులే" అని కరస్పాండెంట్ ఆట వైపు తిరిగిపోయాడు.

ఈ మాటలన్నీ కింద బెంచీ దాకా వినపడినట్టున్నాయి. బెంజిమన్ సార్ మెల్లగా వెనక్కి తిరిగి గ్యాలరీలోకి చూశాడు. ఎవరు మాట్లాడిందా అని వెతుకుతున్నాడు. ఆయన చూపు తన దగ్గరికి వచ్చేసరికి ఓబులేసు తల దించుకున్నాడు.