గంటలో మట్టి

"ఆకు నీకు మేకపిల్లా, నీడ నాకు మేకపిల్లా,
వంకలోని చెలమ నీళ్ళు..."

చెలమ నీళ్ళు ఎవరికి? అక్కడికి వచ్చేసరికి బొల్లికి పాట తెగిపోయేది. తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, నడవలేక వెనకబడితే ఓబులమ్మ భుజాన వేసుకుని ఆ పాట పాడుతూ కొండ దిగేది. ఆ భుజం వెచ్చదనం గుర్తుంది, చెంగుకి అంటిన తుమ్మ పూల వాసన గుర్తుంది, పాట మాత్రం సగమే మిగిలింది. ఆ సగాన్నే నెమరుతో పాటు నములుకుంటూ ఆ ముసలి మేక ఎండాకాలపు మధ్యాహ్నాలు గడిపేది.

మొగమంతా తెల్లగా ఉంటుంది గనక దానికి బొల్లి అని పేరు. మందకి అదే పెద్ద. దాని మెడలో ఇత్తడి గంట ఉండేది. ఆ గంటంటే అలంకారం అనుకునేరు, కాదు. మందను కాసే ఓబులమ్మ ఒంటరి మనిషి. ఎండాకాలంలో కొండకి ఇవతల మేత దొరకదు. అందుకని మిట్టమధ్యాహ్నం మందను వంక పక్క తుమ్మ చెట్ల నీడన పడుకోబెట్టి, తను గట్టు దాటి అవతలికి పోయి మేకలకి మండలు నరుకుతూ ఉండేది. కళ్ళు కొమ్మ మీద, చెవులు గంట మీద. గంట నిదానంగా మోగితే మేస్తున్నాయని అర్థం. ఆగి ఆగి మోగితే నెమరు వేస్తున్నాయి. అసలు మోగకపోతే హాయిగా నిద్రపోతున్నాయి. గబగబా మోగిందా, కత్తి పట్టుకుని పరుగెత్తుకు రావాల్సిందే.

ఈ సంగతి మందకి తెలుసు, కాపలా కుక్క కొండడికి తెలుసు. గట్టు మీద పొదలో కూచుని రోజూ వినే నక్కకీ తెలుసు.

ఆ ఏడు వంక ఎండి ఇసక తేలింది. ఓబులమ్మ ఇసకలో గుంట తోడి పెట్టింది. దాన్నే చెలమ అంటారు. అడుగున నీళ్ళు ఊరితే తాగడం, అయిపోతే మళ్ళీ ఊరేదాకా కాచుకోవడం. మందా అక్కడే, కుక్కా అక్కడే, దారిన పోయే మనిషీ అక్కడే తాగాలి.

ఒకరోజు ఎండ నిప్పులు చెరుగుతుంటే, వంక అవతలి బండ మీద నక్క వచ్చి నిలబడింది. కొండడు చెవులు నిక్కించాడు.

"లేవకు కొండన్నా, లేవకు. దగ్గరికి రాను. శుభవార్త చెప్పి పోదామని వచ్చా," అంది నక్క.

"నీ నోట శుభవార్తేంది మామా, ఎవరైనా చచ్చారా?" అని మేకలతో కలిసి తిరిగే పొట్టేలు ఎగతాళి చేసింది.

"ఇంకా లేదు. చావబోతున్నాడు. అటు చూడండి, ఆ వంపులో."

అందరూ చూశారు. చెలమకి కొంచెం దూరంలో, ఇసకలో మనిషి బోర్లా పడి ఉన్నాడు. తలపాగా ఊడి ఒక పక్కన పడింది. చెయ్యి మాత్రం ముందుకి చాచి ఉంది, చెలమ వైపు.

"ఎవరది?" అంది చార. వీపు మీద నల్ల చారలున్న పడుచు మేక అది. దాని ఒడిలో ఈ మధ్యే పుట్టిన పిల్ల పడుకుని ఉంది.

"గుర్తుపట్టలేదూ? బేరగాడు చెన్నప్ప! మీ వెన్నులు తడిమి, తొడలు నొక్కి, మీలో కండ పట్టినవాళ్ళని తాడేసి లాక్కుపోయే చెన్నప్ప! మీ కోసమే వస్తూ వడదెబ్బ కొట్టి పడిపోయాడు."

మందంతా ఒక్కసారి లేచి నిలబడింది. తమ్ముణ్ణి పోగొట్టుకున్నది ఒకటి, బిడ్డను పోగొట్టుకున్నది ఒకటి. చెన్నప్ప విసిరిన రాయి తగిలి కొండడి వెనక కాలు ఇప్పటికీ కుంటే. బొల్లి మాట చెప్పనే అక్కర్లేదు. దాని ఆఖరి కాన్పు పోతుపిల్లని కిందటేడు చెన్నప్పే తోలుకుపోయాడు. అది గట్టు దాటేదాకా వెనక్కి తిరిగి తిరిగి అరిచింది. ఆ అరుపు బొల్లి చెవుల్లో ఇంకా అలాగే ఉంది.

"పాపం పండింది," అంది చార. "పడి ఉండనీ."

"అదీ మాట!" అంది నక్క. "కానీ ఒక చిక్కుంది. మీరు ఎటైనా కదిలారనుకోండి, పెద్దక్క మెడలో గంట మోగుతుంది. ఓబులమ్మ వస్తుంది. ఆవిడ సంగతి మీకు తెలీదా? పామును చూసినా ఎండకి అలిసిందేమో అనే రకం. నీళ్ళు పోసి లేవదీస్తుంది. వాడు లేస్తాడు, దుమ్ము దులుపుకుంటాడు, ఆ పూటకే మీలో ఒకరికి తాడేస్తాడు."

"అయితే ఏం చెయ్యమంటావ్?" అంది పొట్టేలు.

"నేను చెయ్యమనేదేముంది బావా, నోరు లేనివాళ్ళ మీద ప్రేమకొద్దీ చెబుతున్నా. దయ ఉండాలి, నేను కాదనను. మన నాలుగు కాళ్ళవాళ్ళ మీద మనం చూపించుకుందాం. ఆ రెండు కాళ్ళవాడికి ఎందుకు? ఆ గంటలో కాస్త తడిమట్టి కూరండి. ఓబులమ్మ మీరు నిద్రపోయారనుకుంటుంది. ఎండ తన పని తను చేసుకుపోతుంది. మీరెవరూ వేలు పెట్టక్కర్లేదు."

చార వెళ్ళి చెలమ ఒడ్డున తడిసిన మట్టి నోట పట్టుకొచ్చింది. పొట్టేలు ఎండుగడ్డి తెచ్చింది. బొల్లి మెడ వంచి నిలబడింది. ఎందుకు వంచానా అని తర్వాత అది చాలాసార్లు అనుకుంది. కోపమే అయి ఉండొచ్చు. పదిమందీ ఒక మాట మీద ఉన్నప్పుడు ముసలిదాన్ని నాకెందుకులే అనుకుని ఉండొచ్చు. మట్టీ గడ్డీ కలిపి గంట నిండా కూరారు. బొల్లి తల ఆడించి చూసింది. చప్పుడు లేదు.

"భేష్!" అంది నక్క. "ఇంకొక్క మాట. అటు చూస్తూ కూచోకండి. చూసేకొద్దీ జాలి పుడుతుంది. జాలి మహా చెడ్డది. అందరూ కొండ వైపు తిరిగి పడుకోండి. కొండన్నా, నువ్వూ అంతే. ముందు కాళ్ళ మీద తల పెట్టుకుని కళ్ళు మూసుకో. చూడని పాపం అంటదు."

మంద అంతా అటు తిరిగింది. కొండడు కళ్ళు మూసుకున్నాడు. చూశారా, వాళ్ళు అంత చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళయితే తిరిగి పడుకోవాల్సిన పనే లేదు, కళ్ళప్పగించి చూసేవాళ్ళు.

నెమరు మాత్రం ఎవరికీ సాగలేదు.

అప్పుడు వెనక నుంచి ఒక మూలుగు వినిపించింది. "అమ్మా..."

బొల్లి చెవి కదిలింది.

"వినకు అవ్వా," అంది చార తల తిప్పకుండానే.

"వినకుండా ఎట్లాగే? చెవులకి రెప్పలు లేవు గదా."

"వాడు నీ కొడుకుని పట్టుకుపోయిన వాడు!"

"అవును. వాడే."

మళ్ళీ మూలుగు. ఈసారి ఇంకా సన్నగా. గట్టు ఎక్కుతూ వెనక్కి తిరిగి తిరిగి అరిచిన పోతుపిల్ల గొంతు చివర చివరకి అలాగే సన్నబడింది. అది ఎవరి గొంతో చూసుకోకుండానే, బొల్లికి పాలు లేని పొదుగు అలవాటుగా సలిపింది.

అది లేచి నిలబడింది.

"ఎక్కడికి?" అంది పొట్టేలు.

"దాహమేస్తోంది వాడికి."

"నీకేమన్నా మతి పోయిందా పెద్దమ్మా? వాడు బతికితే మళ్ళీ వస్తాడు."

"వస్తాడేమో."

"ఈసారి నన్నే పట్టుకుపోతాడు!"

"పట్టుకుపోతాడేమోరా. అప్పుడు నీ కోసమూ ఏడుస్తాను. ఇప్పుడు మాత్రం వాడు బేరగాడిలా లేడు. నీళ్ళ కోసం చెయ్యి చాచి పడి ఉన్నాడు, అంతే."

బొల్లి అరిచింది. ముసలి గొంతు, గట్టు దాకా కూడా పోలేదు. తల విదిల్చింది, గంట పలకలేదు. అప్పుడది వంక ఒడ్డున ఉన్న బండ దగ్గరికి పోయి మెడ వంచి గంటని రాతికేసి కొట్టింది. కాస్త మట్టి రాలింది. మళ్ళీ కొట్టింది. మెడ పట్టీ ఒరుసుకుని వెంట్రుకలు ఊడొచ్చాయి, తోలు చిట్లింది. ఎండకి గట్టిపడిన మట్టి పెళ్ళగా ఊడి కింద పడింది. గడ్డి పోచ ఒకటి పట్టుకుని వేలాడుతుంటే దాన్నీ విదిలించి పారేసింది.

గంట మోగింది. బొల్లి ఆగలేదు. ఊపిరి అందకపోయినా తల ఊపుతూనే ఉంది. ఆ కొండలో గంట అంత గాభరాగా మోగడం అంతకు ముందెప్పుడూ ఎవరూ వినలేదు.

కొండడికి కళ్ళు మూసుకుని ఉండమని ఎవరు చెప్పినా, ఆ చప్పుడు వింటే ఒళ్ళు ఆగదు. ఒక్క ఉదుటున లేచాడు. లేచి చూస్తే చార పక్కన పిల్ల లేదు.

"చారా! నీ పిల్లేదే?"

చార గిరుక్కున తిరిగింది. పిల్ల పడుకున్న చోట ఇసక మీద చిన్న గుంట మాత్రం ఉంది. అందరూ అటు తిరిగి పడుకున్నాక, నక్క పిల్లి నడకన వచ్చి పిల్లని మెడ దగ్గర కరుచుకుని గట్టు దారి పట్టింది. పిల్ల ఒకసారి అరిచిందట కూడా. మూలుగు వినకూడదని చెవులు బిగబట్టుకున్న చారకి అదీ వినిపించలేదు.

నక్క తెలివిగలదే. గంట మోగదు గనక ఓబులమ్మ రాదని, అందుకని ఓబులమ్మ వచ్చే దారే అన్నిటికన్నా భద్రమని లెక్క వేసుకుంది. సగం గట్టు ఎక్కిందో లేదో వెనక గంట గణగణ మోగింది. పైనుంచి చెంగు నడుముకి బిగించి, కత్తి పట్టుకుని ఓబులమ్మ దిగుతోంది. కింద నుంచి కుంటి కాలుతో కొండడు ఎక్కుతున్నాడు. మధ్యలో నోట మేకపిల్లతో నక్క. ఇక ఎటు పోతుంది?

పిల్లని వదిలేసింది. కొండడు వచ్చి నక్కని మెడ పట్టుకుని పడేశాడు.

ఓబులమ్మ పిల్లని ఎత్తుకుని ఒళ్ళంతా తడిమింది. పళ్ళ గాట్లు పడ్డాయి గానీ బతికే ఉంది. అంతలో కింద ఇసకలో పడి ఉన్న మనిషి ఆమె కంటపడ్డాడు.

"అయ్యో, ఎవరో ఏమో!" అని అటు పరుగెత్తబోయి, ఆగి వెనక్కి చూసింది. "రేయ్ కొండా, దాన్నొదిలెయ్. పిల్ల దక్కింది గదా. అదీ ఆకలి కడుపుతోనే ఉంటుంది, డొక్కలు చూడు ఎట్లా పీక్కుపోయాయో. పోనీ!"

కొండడు గొణుక్కుంటూ వదిలాడు. నక్క చిరిగిన చెవితో గట్టు వారనే పోతూ, బండ దగ్గర రొప్పుతూ నిలబడ్డ బొల్లిని చూసి ఆగింది.

"ఎంత చక్కగా కుదిర్చాను పెద్దక్కా! చార కోపం, పొట్టేలు భయం, కుక్క పగ, అన్నీ చూసుకునే వేశాను ఎత్తు. ఇంత జాలి ఎక్కడ దాచావు నువ్వు? అది నాకు కనపడలేదు."

"నాకూ కనపడలేదు," అంది బొల్లి. "పో, ఎండన పడకు. పడితే నీ కోసమూ గంట కొట్టాలి నేను."

నక్క నవ్వబోయి నవ్వలేక పొదల్లోకి పోయింది.

ఓబులమ్మ చెన్నప్పని నీడకి ఈడ్చింది. చెంగు చెలమలో ముంచి మొగం మీద పిండింది. "ఒక్కసారి తాగొద్దు నాయనా, కొంచెం కొంచెం. పెదాలు తడుపుకో ముందు," అంటూ దోసిట్లో నీళ్ళు పట్టింది. చెలమలో నీళ్ళు అడుగంటాయి. మంద గొంతులెండి నిలబడి చూసింది. ఒక్కటీ ముందుకి రాలేదు. తోసుకు తాగే పొట్టేలు కూడా మళ్ళీ ఊరేదాకా ఆగింది.

చార మాత్రం పిల్లని నాకుతూ నాకుతూ బొల్లి దగ్గరికొచ్చి, చిట్లిన మెడని కూడా నాకింది.

"నీ నోటికి మట్టి రుచి ఇంకా పోలేదు గదే," అంది బొల్లి.

"పోదులే అవ్వా," అంది చార. "పోకపోవడమే మంచిది."

పొద్దు వాలాక చెన్నప్ప లేచి కూచున్నాడు. ఓబులమ్మ తన సద్దిలో మిగిలిన అంబలి ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని అడిగాడు:

"నేను పడున్నానని నీకెట్లా తెలిసింది వదినా? నోరు పెగల్లేదే నాకు."

"నాకేం తెలుసన్నా, గంట పిలిచింది. అదిగో, ఆ బొల్లి. చూడు, నీ కోసం మెడ ఎట్లా చీరుకుందో."

చెన్నప్ప చూశాడు. ఆ తెల్ల మొగం అతనికి గుర్తే.

"కిందటేడు నేను తోలుకుపోయిన పోతుపిల్ల దీనిదే గదా?"

ఓబులమ్మ సద్దిముంత కడుక్కోవడానికి లేచింది.

ఎదుటివాడి ఆపదకి వీపు తిప్పి పడుకుంటే మన ఆపదా ఆ వీపు వెనకే జరిగిపోతుంది. ఇది ఆ మందకి ఆ రోజు తెలిసింది. మేకకైనా మనిషికైనా ఇందులో తేడా లేదు.

చెన్నప్ప తలపాగా చుట్టుకుని బయల్దేరాడు. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి బొల్లి ముందు గొంతుక్కూచున్నాడు. ఆ తర్వాత ఆ వంక దారిన అతను ఎన్నడూ కనిపించలేదు గనక, బొల్లితో అతనన్న ఆఖరి మాట ఇదే.

"నేనెవరో తెలిసే పిలిచావు గదా తల్లీ! ఇంక ఏ మంద దగ్గరికి పోయి, ఏ మొగం పెట్టుకుని తాడు తియ్యను?"