బుడ్డి ఈనిన పొద్దు

చెన్నకేశవులు నిద్ర లేచేసరికి ఆశ్రమంలో కొత్తగా చేరిన వడ్రంగి చాప ఖాళీగా ఉంది. నెల తిరక్కుండానే అతను కూడా, మడతపెట్టిన దుప్పటి మీద రుద్రాక్షమాల ఉంచి, ఎవరికీ చెప్పకుండా కొండ దిగిపోయాడు.

అలా వెళ్లినవాళ్లలో అతను మొదటివాడు కాదు. లింగమాంబ ఆశ్రమానికి కొత్తగా వచ్చేవాళ్లను చూసుకునే పని చెన్నకేశవులిది. ఎవరొచ్చినా ఎదురెళ్లి కాళ్లకు నీళ్లిచ్చేవాడు. తన గది వాళ్లకిచ్చి తాను అరుగు మీద పడుకునేవాడు. తెల్లవారింది మొదలు పక్కనే కూర్చుని, కళ్లు ఎలా మూసుకోవాలో, ఊపిరి ఎలా విడవాలో, లింగమాంబ అమ్మ అన్న ఒక్కో మాటకు అర్థమేమిటో విడమరిచి చెప్పేవాడు. ఇంత చేసినా ఒక్కరూ నిలవడం లేదు.

ఆ బాధతోనే అమ్మ దగ్గరికి వెళ్లాడు. లింగమాంబ వసారాలో కూర్చుని చేటలో వేరుశనగకాయలు ఒలుస్తోంది.

“వచ్చినవాళ్లను కన్నబిడ్డల్లా చూసుకుంటున్నానమ్మా. ఎక్కడ లోటు చేశానో మీరే చెప్పండి.”

ఆమె చేటలోంచి తలెత్తలేదు. “బుడ్డి పొద్దున మేత ముట్టలేదు. ఇవాళ ఈనేటట్టుంది. పోయి దొడ్డి కాడ ఉండు, నాయనా.”

అడిగినదానికి జవాబు రాలేదని నొచ్చుకుంటూనే వెళ్లాడు.

బుడ్డి ఆశ్రమంలోని పొట్టిమేక. ఎప్పుడో తూర్పుదేశపు సాధువొకాయన ఒక జతను వదిలిపోతే, ఇప్పుడున్నవన్నీ ఆ సంతతే. ఎంత పెరిగినా మనిషి మోకాలు దాటవు. ఉగాది దగ్గర పడింది. దొడ్డి వెనక కానుగలు లేతగా చిగిర్చాయి. బుడ్డి ఒక మూల ముందు గిట్టతో నేల గీరుతూ, పడుకుంటూ లేస్తూ ఉంది.

ఎండ ఎక్కేసరికి మొదటి పిల్ల నేల మీదికి జారింది. అరచేతిలో పట్టేంత తెల్లపిల్ల. చెన్నకేశవులుకి కళ్లు చెమర్చాయి. తల్లి వెనక్కి తిరిగేలోపే దాన్ని ఎత్తుకున్నాడు. తన తువ్వాలుతో ఒళ్లంతా పొడిగా తుడిచాడు. శుభమని తన నుదుటి గంధం తీసి దాని నుదుట అద్దాడు. చెవిలో ‘నందుడు’ అని పేరు కూడా పెట్టాడు.

ఈలోగా రెండోది పుట్టింది. దాన్ని తల్లే నాకింది. అది తూలుతూ లేచి, తడుముకుంటూ పొదుగు అందుకుంది.

చెన్నకేశవులు తెల్లపిల్లను తెచ్చి దాని పక్కన దించాడు. బుడ్డి ఒకసారి వాసన చూసి తలతో కుమ్మింది. పిల్ల దొర్లిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ కుమ్మింది. కొమ్ములు పట్టుకుని పిల్ల మూతిని పొదుగుకు ఆనిస్తే వెనక కాలితో తన్నింది. చూస్తుండగానే పిల్ల అరుపు సన్నబడింది. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది.

“అమ్మా!” అని కేక పెట్టాడు.

లింగమాంబ నిదానంగా వచ్చింది. పిల్లను అందుకుని తల దగ్గర వాసన చూసింది.

“గంధమా?”

“శుభమని పెట్టానమ్మా.”

ఆమె నీళ్లతో గంధం కడిగేసింది. బుడ్డి ఈనిన చోట తడిసి జిగటగా ఉన్న గడ్డిని గుప్పెడు తీసి పిల్ల ఒళ్లంతా రుద్దింది. తల్లి నాకేటట్టు వీపు మీద చిటికెడు ఉప్పు చల్లింది.

“ఇప్పుడేగదమ్మా శుభ్రం చేశాను!”

“చేశావు.”

పిల్లను తల్లి ముందు దించింది. బుడ్డి మూతి చాచింది. అంతలో చెన్నకేశవులు సాయం చేద్దామని ముందుకు వంగాడు. బుడ్డి బెదిరి తలెత్తి, అతని వైపే చూస్తూ నిలబడిపోయింది.

లింగమాంబ అతని మణికట్టు పట్టుకుంది. దొడ్డి బయటికి తీసుకొచ్చి తడిక మూసింది. అక్కడా ఆగలేదు. దొడ్డి వెనక కానుగల చాటుకు నడిపించి, ఒక బండ మీద కూర్చోబెట్టి తానూ కూర్చుంది.

“అది చచ్చిపోతుందమ్మా.”

“పోవచ్చు.”

“మనం దగ్గరుంటే...”

“దగ్గరే ఉన్నావు కదా ఇంతసేపు.”

ఎండ బండ మీదికి పాకింది. దొడ్డిలో చప్పుడు లేదు. రెండుసార్లు లేవబోయాడు. ఆమె చూపు చూసి రెండుసార్లూ ఆగాడు. తువ్వాలు కొస చేతిలో నలిపేశాడు.

చాలాసేపటికి, గొంతు దాటీ దాటనట్టుగా, బుడ్డి గురగుర వినిపించింది. కన్నపిల్లతో తప్ప మేక ఆ గొంతుతో మాట్లాడదు. దానికి బదులుగా సన్నటి అరుపు ఒకటి వచ్చింది.

చెన్నకేశవులు చటుక్కున లేచాడు.

“ఆ పిలుపు నీకు కాదు, నాయనా,” అంది లింగమాంబ. “కూర్చో.”

కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఆమె వెళ్లమన్నాక వెళ్లి, తడిక సందులోంచి చూశాడు. పొదుగు కింద రెండు తోకలు ఆడుతున్నాయి.

ఉగాది వెళ్లాక, పిల్లలు దొడ్డి గోడ మీదికి గెంతడం నేర్చిన రోజుల్లో, కదిరి వైపు నుంచి ఒకావిడ చిన్న మూటతో కొండెక్కి వచ్చింది. చెన్నకేశవులు చెంబుతో నీళ్లిచ్చాడు. ఆమె తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, బెరుకుగా అడిగింది.

“అమ్మగారి ముందు ఎట్లా కూర్చోవాలి అన్నా? ఏం మాట్లాడాలి? నాకేమీ తెలీదు.”

అతని నోటిదాకా చాలా వచ్చాయి.

“లోపలే ఉన్నారు, పో తల్లీ,” అన్నాడు. కొడవలి తీసుకుని గడ్డి కోయడానికి వెళ్లిపోయాడు.