గడప మీద ఎముకలు

మొక్కజొన్న చేను గట్టున ముసలి నేరేడు చెట్టు. దానికి రెండు తొర్రలు. పై తొర్రలో గుడ్లగూబ, కింది తొర్రలో ముగ్గురు పిల్లలతో ఉడుత.

ఇద్దరికీ పడదు. గూబ తిన్న ఎలుకల ఎముకలు తెల్లారేసరికి ఉడుత గడప మీద పడి ఉండేవి.

"మామా, నా వాకిలేమన్నా నీకు పెంటకుప్పా?" అని ఉడుత అరిచేది.

"పైనున్నవాడిది కిందే పడుతుందమ్మాయ్. నచ్చకపోతే ఇల్లు మార్చుకో," అని గూబ కళ్ళు మూసుకునేది.

ఒకరోజు పొద్దున ఉడుత మేతకెళ్ళి వచ్చేసరికి తొర్రలో ఇద్దరే ఉన్నారు. గడప మీద ఎప్పటిలాగే ఎముకలు. అవి ఎవరివో చూసే స్థితిలో లేదామె.

చెట్టు కింద నుంచి గండుపిల్లి తలెత్తింది.

"ఏడవకు చెల్లెమ్మా. ఆ ఎముకలు ఎవరింట్లోంచి పడతాయో అందరికీ తెలుసు. నిప్పు లేనిదే పొగ వస్తుందా? నలుగురిలో చెప్పు. ఆ అపశకునపు మొహాన్ని చెట్టు దింపే పూచీ నాది."

ఉడుత గోరింకతో అంది: "వదినా, గూబ మామే నా బిడ్డను తినేశాడు."

ఒక్క మాట. గోరింక నోట పడి తుమ్మచెట్టు చేరేసరికి ఒక బిడ్డ ఇద్దరయ్యారు. బావి దగ్గరికొచ్చేసరికి ఐదుగురయ్యారు. మధ్యాహ్నానికి కాకులు గుంపుగా వచ్చి, నిద్రలో ఉన్న గూబను బయటికి లాగి పొడిచాయి.

పొద్దు వాలకముందే ముసలి ఎద్దు అందరినీ చెట్టు కిందికి పిలిచింది. గూబ ఎడమ కంట నెత్తురు కారుతోంది.

"ఇది చిన్న మాట కాదు," అంది ఎద్దు. "నిజమైతే గూబ చెట్టు దిగాలి. చూడకుండా అన్నావా, నువ్వు దిగాలి. చెప్పమ్మా, చూశావా?"

ఉడుత తన తొర్ర వైపు తలెత్తి చూసింది. చూశానంటే చాలు. లేదంటే కళ్ళు తెరవని పసికూనలతో, గద్దలు తిరిగే చేలో ఎక్కడికి పోవాలి? పైన వాళ్ళు కీచుమంటున్నారు. "చూసే ఉంటుంది, చూసే ఉంటుంది!" అని కాకులు గోల. గూబ మిగిలిన కంటితో ఆమెనే చూస్తోంది.

"చూడలేదు పెద్దయ్యా," అంది. "చూసింది గడప మీద ఎముకలే. ఆ తగువు నిజం. బిడ్డ మాట మాత్రం కడుపుమంటతో అన్నాను."

పిల్లి తోక నేలకేసి కొట్టుకుంది. గబుక్కున ముందుకు దూకింది.

"ఆమె చూడకపోతేనేం? నేను చూశాను! తోక కొస లేని పిల్ల. గోళ్ళతో ఎత్తుకుపోయాడు. గట్టు అవతల నుంచి కళ్ళారా చూశాను!"

ఉడుత గిర్రున పిల్లి వైపు తిరిగింది. పుట్టుకతోనే ఆ బిడ్డకు తోక కొస లేదు. నలుగురూ నవ్వుతారని ఆమె ఎవరికీ చెప్పలేదు. పిల్లలు తొర్ర దాటిందీ లేదు.

'నువ్వే తిన్నావు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగింది.

"అన్నా," అంది మెల్లగా, "గట్టు అవతల నుంచి అంత చిన్న తోకకు కొస లేదని కనిపించిందా? ఏ పూట చూశావు?"

"పొద్దున్నే. నువ్వు అలా మేతకెళ్ళగానే..."

పిల్లి ఆగిపోయింది. ఎద్దు నెమరు ఆపింది.

"అవునూ, నీ మీసానికి ఆ బొచ్చేమిటి?" అని ఎద్దు పిల్లిని అడిగింది.

పిల్లి పంజా చటుక్కున మూతి మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. మరుక్షణం అది చేలో పడి పరుగు. కాకులు వెంటపడ్డాయి.

"నిజం ఒప్పుకున్నావు గనక చెట్టు నీదే," అంది ఎద్దు. "కానీ నీ మాట ఎన్ని చెట్లు తిరిగిందో అన్ని చెట్లూ నువ్వు తిరగాలి."

ఉడుత ఏడు చెట్లు తిరిగింది. "నేను చూడలేదు" అని చెప్పింది. కొందరు విన్నారు. కొందరు, "నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అన్నారు. గూబ ఎడమ కన్ను మళ్ళీ తెరుచుకోలేదు.

మర్నాడు గడప మీద మళ్ళీ ఎముకలు.

"మామా, ఎముకలు పడ్డాయి," అంది ఉడుత. అంతే అంది.

నీతి: చూసినంతే చెబితే అది తగువు, చూడనిది కలిపితే అది ఒకరి కన్ను పొడుస్తుంది.