గునుగు పువ్వు కోసం ఒక నెల ఎక్కువ

ఒకప్పుడు ఏ ఏడాదికైనా పన్నెండే నెలలు. పదమూడో నెల మాటే లేదు. పండుగలన్నీ చందమామ వెంట నడిచేవి, పువ్వులన్నీ సూర్యుడి వెంట నడిచేవి. బాగానే ఉంది కదా, ఇంక గొడవేంటి అంటారా? అక్కడే ఉంది అసలు తంటా!

చందమామకు కాలు ఒకచోట నిలవదు. పన్నెండు చుట్లు గబగబా తిరిగేసి నా ఏడాది అయిపోయిందనేవాడు. సూర్యుడిది నిదానం. ఆయన ఏడాది ముగియడానికి ఇంకో పదకొండు రోజులు పట్టేవి. ఏటా పదకొండు రోజులు! మూడేళ్లకు పండుగలు పువ్వులకంటే నెలకు పైగా ముందొచ్చేశాయి.

దాంతో గునుగు కొంప మునిగింది, పాపం. గునుగంటే చేలో కలుపు మొక్క. కనిపిస్తే పీకి గట్టు మీద పారేస్తారు. ఏడాదికి ఒక్కసారి, బతుకమ్మ పండుగకు మాత్రం దాని తెల్లపువ్వులకు రంగులద్ది, తాంబాళంలో వరసలుగా పేర్చి, చేతులెత్తి మొక్కుతారు. ఆ ఒక్క మర్యాద కోసమే అది ఏడాదంతా ఎదురుచూసేది.

నిరుడు గునుగు సరిగా పూయక సగం పువ్వులతోనే బతుకమ్మను పేర్చిన పోశవ్వ అనే ముసలమ్మ, ఈసారి నెల ముందే చేనుకు పోయి చూసింది. ఒక్క మొగ్గ లేదు. మొక్క జానెడే ఉంది.

"అవ్వా, నేను పూయాలంటే ఇంకా రెండు నెలలు కావాలె. పండుగేమో నెలకే వస్తున్నది," అంది గునుగు. "నేను లేకుండనే పండుగ అయిపోతే, ఇగ నేను ఉత్త కలుపునే."

పోశవ్వ జాలిగా దాని తల నిమిరింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది! పొద్దుగూకే వేళ, ఆకాశంలో సూర్యుడూ చందమామా ఇద్దరూ ఉన్నప్పుడు, గుట్టెక్కి నిలదీసింది. జర తొందరగా నడువమంటే, నేను ఉరికితే పంటలు మాడిపోతాయన్నాడు సూర్యుడు. జర ఆగమంటే, ఆగడం నాకు పుట్టుకతోనే రాదన్నాడు చందమామ.

పోశవ్వ ఊరుకునే మనిషా? చందమామ వైపు తిరిగింది.

"మేం బతుకమ్మ ఆడేటప్పుడు బయటి వరసల ముసలోళ్లం మెల్లగ తిరుగుతం. లోపలి వరస పిల్లలు ముందుగాల ముగిస్తే ఆగరు బిడ్డా. మాకోసం ఇంకో చుట్టు తిరుగుతరు. ఆ చుట్టు లెక్కల పెట్టం. నువ్వు గూడ అట్లనే తిరుగు."

చందమామ మూతి ముడుచుకున్నాడు. లెక్కలోకి రాదంటే పెళ్లీ పండుగా ఉండవు, అలాంటి చుట్టు ఎవరికి కావాలి? పైగా దానికి పేరు కూడా లేదాయె! రాబోయే భాద్రపదం పేరే దీనికీ పెట్టి ముందు 'అధిక' అని చేరుద్దామనీ, ఆ నెలంతా దేవుడికి దీపం పెడతామనీ పోశవ్వ బతిమాలింది. చందమామ కిందికి చూశాడు. జానెడు గునుగు తల పైకెత్తి తనవైపే చూస్తోంది. వెంటనే బయలుదేరి ఇంకో చుట్టు తిరిగాడు!

ఇంకేముంది, అధిక భాద్రపదం పోయి అసలు భాద్రపదం వచ్చి పండుగ నాటికి చేలన్నీ తెల్లగా మెరిశాయి. పోశవ్వ ఒడి నింపుకుంది, ఇంకా మిగిలాయి. ఆ సాయంత్రం గునుగు బతుకమ్మ ఎక్కి నడుమ కూర్చుంది, ఊరంతా దాని చుట్టూ తిరిగింది.

అప్పటినుంచే రెండున్నర, మూడేళ్లకోసారి పంచాంగంలో ఒకే పేరుతో రెండు నెలలు వస్తాయి. మొదటిది అధికమాసం. అందులో పెళ్లిళ్లుండవు, పండుగలుండవు. ఈ ఏడు పండుగ ఇంత ఆలస్యమేంటని మీరు సణుగుతారే, అప్పుడు చేలో గునుగు పూస్తూ ఉంటుంది.