ఎర్రదారం అతుకు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక చాకిరేవు. ఆ రేవులో తెల్లారింది మొదలు బండ మీద బట్టల చప్పుడు. ఆ చప్పుళ్ల మధ్యే అక్షరాలు నేర్చుకున్న పిల్ల ఒకతె ఉండేది. పేరు ముత్యాలు.

పలక ఏదీ అని అడగకండి పిల్లలూ. ఉతికే బండే పలక, తడివేలే బలపం. రాసింది ఆరిపోయేలోగా చదివెయ్యాలి. అందుకే ముత్యాలు దేన్నైనా ఒక్కసారి చదివిందంటే ఇక మరచిపోయేది కాదు.

మేఘపురి రాజ్యంలో, ఊరవతల గుట్ట మీద ఒక విద్యాపీఠం ఉండేది. అక్కడి ఆచార్యులవారు ముత్యాలును పరీక్షించి ముచ్చటపడ్డారు. "నీకు చోటిచ్చాను తల్లీ. కానీ ఏడాదికి సరిపడా తిండిగింజలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. పున్నమి దాటితే నీ చోటు ఇంకొకరికి పోతుంది" అన్నారు.

ముత్యాలు తల్లి నూకమ్మ, తండ్రి పైడయ్య మొహమొహాలు చూసుకున్నారు. ఏడాది మాట దేవుడెరుగు, ఎల్లుండికే గింజల్లేవు.

సరిగ్గా అప్పుడే ఊళ్లో దండోరా మోగింది. "వినండహో! చదువుకునే పేద పిల్లలకు ప్రభువులు ఉపకార వేతనం ఇస్తున్నారహో! ఏడాదికి బియ్యం, దీపానికి నూనె, రాసుకోను తాటాకులు! పున్నమిలోగా కోటకొచ్చి పేరు రాయించుకోవాలహో!"

"దేవుడు తలుపు తీశాడే!" అన్నాడు పైడయ్య. తలుపైతే తీశాడు గాని, లోపల గడపలెన్నో చెప్పలేదు.

మర్నాడు ముత్యాలు తన పైబట్ట కప్పుకుని కోటకు వెళ్లింది. ఊరందరి బట్టలూ ఆ ఇంటికి వచ్చేవే గాని, ఆ పిల్లకు ఉన్నది ఆ ఒక్క పైబట్టే. అతుకుల మీద అతుకులు. అయినా మల్లెపూవంత తెల్లగా ఉండేది.

ద్వారపాలకుడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఆగాగు! అతుకుల గుడ్డతో ప్రభువుల ఎదుటికా? రాజుగారికి ఎంత అవమానం! మంచి బట్ట కట్టుకుని రా."

"పేదవాళ్లకు ఇస్తామన్నారు గదా బాబూ?"

"ఇస్తాం. అయితే మాత్రం మర్యాద ఉండక్కర్లేదా?"

ముత్యాలు తిరిగొచ్చింది. పేదవాళ్లను రమ్మని, పేదరికాన్ని బయట వదిలి రమ్మంటున్నారు. దాన్ని ఎక్కడ వదలాలో ఆ పిల్లకు తెలియలేదు.

నూకమ్మ ఆలోచించి, నగల వర్తకుడి ఇంటికి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. వర్తకుడి భార్య వరదమ్మ. "అమ్మగారూ, ఒక్క పూటకి మా పిల్లకి ఒక చీర అరువిప్పించండి. ఉతికి, గంజిపెట్టి తెచ్చిస్తాను" అని నూకమ్మ ఆవిణ్ణి అడిగింది.

వరదమ్మ అంత తేలిగ్గా ఇస్తుందని ఎవరూ అనుకోలేదు. ఏకంగా పట్టుచీరే తెచ్చి చేతిలో పెట్టింది. "దానికేం భాగ్యం, కట్టుకోనీ! ఆ అతుకుల పైబట్ట మాత్రం ఇలా పెట్టి వెళ్లండి. మా మాణిక్యానికి చిన్న పనుంది."

పెట్టెలనిండా పట్టుబట్టలున్న అబ్బాయికి ఈ చిరుగుల గుడ్డతో పనేమిటో ముత్యాలుకు అంతుపట్టలేదు. పెద్దవాళ్లను అడిగితే బాగుండదని ఊరుకుంది.

రెండోనాడు పట్టుచీర కట్టుకుని వెళితే ద్వారపాలకుడు వంగి దారిచ్చాడు. లోపల లేఖకుడు తలెత్తి చూశాడు. చూసి గంటం కింద పెట్టేశాడు.

"ఏమమ్మా, పట్టుచీర కట్టుకుని పేదల సొమ్ముకు వచ్చావా? సిగ్గుండక్కర్లేదూ?"

"ఇది అరువు చీరండీ."

"అందరూ అదే అంటారు. కంటికి కనబడిందే రాయాలని నాకు ఆజ్ఞ. నా కంటికి పట్టు కనబడుతోంది. వెళ్లిరా."

అరువు సొమ్ము బరువు చేటు అంటారే, ఆ చీర ఎంత బరువో ముత్యాలుకు అప్పుడు తెలిసింది. గడప బయట అతుకు తప్పు, గడప లోపల పట్టు తప్పు. మరి ఏం కట్టుకు రావాలి? ఇంటిదాకా అదే ఆలోచన. ఆలోచించిన కొద్దీ తల తిరిగింది తప్ప దారి కనబడలేదు.

మూడోనాడు వచ్చింది. మర్నాడే పున్నమి. పొద్దున్నే పైబట్ట అడగబోతే "ఇంకా పని కాలేదు, రేపు తీసుకుపో" అంది వరదమ్మ. ముత్యాలు మళ్లీ ఆ పట్టుచీరతోనే బయల్దేరింది. వేరే గుడ్డ ఉంటే గదా!

ఆ రోజు సుమనసేన మహారాజు తానే కొలువులో కూర్చుని దానపత్రాలు ఇస్తున్నాడు. ఎదురుగా పన్నెండుమంది వరసగా నిలబడ్డారు. అందరి ఒంటిమీదా చిరుగుల గుడ్డలే. కానీ వాళ్లలో చాలామంది చిరుగుల్లోంచి ఖరీదైన జవ్వాది వాసన వస్తోంది. బుగ్గలేమో బూరెల్లా ఉన్నాయి. వాళ్లు ద్వారం ఎలా దాటారంటారా? పల్లకీలో తెర వేసుకుని వచ్చారు. పల్లకీని ఆపే ద్వారపాలకుడు ఎక్కడైనా ఉన్నాడా!

ముత్యాలు వరసకేసి చూసి నిలువునా ఆగిపోయింది. నాలుగోవాడు వర్తకుడి కొడుకు మాణిక్యం. వాడు కప్పుకున్నది తన పైబట్ట.

నా బట్ట వరసలో ఉంది, నేను వరస బయట ఉన్నాను. ఇప్పుడు పేదరాలిని నేనా, నా బట్టా? ఆ పిల్ల బుర్రలో అన్నీ చిక్కుపడిపోయాయి.

ఇంతలో రాజుగారి చూపు ఆమె మీద పడింది. "పట్టుచీర కట్టిన పిల్లకు ఇక్కడేం పని?"

ఒక్కమాట చాలు. వేలెత్తి చూపిస్తే చాలు. కానీ నూకమ్మ చిన్నప్పటినుంచీ చెప్పిన మాట ఒకటుంది. "రేవులో చూసింది ఊళ్లో చెప్పకూడదే అమ్మా. నమ్మి మూట ఇచ్చినవాళ్ల గుట్టు మన నోట రాకూడదు." ముత్యాలుకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని చేతులు జోడించింది.

"మహారాజా, ఈ చీర నాది కాదు. కొంగు మూల చూడండి. మూడు నల్లచుక్కలు ఉంటాయి. జీడిరసంతో మా అమ్మ పెట్టిన గుర్తు. ఊళ్లో ఒక్కో ఇంటి బట్టకు ఒక్కో గుర్తు పెడతాం, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఇది ఏ ఇంటిదో మాత్రం నన్ను అడగకండి."

రాజు ఆమెను దగ్గరికి పిలిచి కొంగు చూశాడు. చుక్కలున్నాయి. "మరి నీ బట్ట ఏది?"

ముత్యాలు నేలకేసి చూస్తూ చెప్పింది. "నాది ఒక పైబట్ట, మహారాజా. ఎడమ అంచున చింతగింజంత కాలిన చిల్లు ఉంటుంది. బట్టలు ఉడకేసే బాన కింది నిప్పురవ్వ ఎగిరి పడింది. భుజం మీద ఆకుపచ్చ అతుకు, అది మా అమ్మమ్మ రవికలోది. తెల్లదారం లేక ఎర్రదారంతో ఆవిడే కుట్టింది. చివరి నాలుగు కుట్లూ వంకర. అప్పటికే ఆవిడకు చూపు ఆనడం లేదు."

ఆమె తలెత్తలేదు. రాజుగారి చూపు మాత్రం వరస వెంట నడిచింది. ఒకటో వాడు, రెండో వాడు, మూడో వాడు. నాలుగోవాడు కాలిన అంచును గుప్పిట్లో దాచబోయాడు. లాగిన కొద్దీ భుజం మీది ఆకుపచ్చ అతుకు ముందుకొచ్చింది.

"బాబూ, ఆ అతుకు ఎవరు కుట్టారు?" అని అడిగాడు రాజు.

"మా... మా దర్జీ, ప్రభూ" అన్నాడు మాణిక్యం.

కొలువంతా గొల్లుమంది. రాజు మాత్రం నవ్వలేదు. మిగిలినవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, కళ్లు మూయించి అడిగాడు. "నీ బట్ట ఎక్కడ చినిగింది? ఎందుకు చినిగింది?" ముగ్గురు గడగడా చెప్పేశారు. ద్వారపాలకుడు కునుకు తీసినప్పుడు దూరిన నిజమైన పేదపిల్లలు వాళ్లు. తక్కిన ఎనిమిదిమందీ చిరుగెక్కడుందో చేత్తో తడిమి వెతుక్కున్నారు. చిరుగు అరువు తెచ్చుకోవచ్చు గాని, చినిగిన రోజు అరువు దొరకదు గదా!

రాజు ద్వారపాలకుణ్ణి పిలిచాడు. "తమ మర్యాద కాపాడాను ప్రభూ" అన్నాడు వాడు. లేఖకుణ్ణి పిలిచాడు. "కనబడిందే రాశాను ప్రభూ" అన్నాడు అతను.

"తప్పు నాది" అన్నాడు రాజు. "పేదవాళ్లకు ఇస్తానన్నాను. పేదవాళ్లు దాటలేని గడప నేనే కట్టాను. లేఖకా, ఇకమీదట ఇక్కడ కూర్చుని గుడ్డలు చూడకు. వాళ్ల ఇంటికి వెళ్లు, కుండ మూత తీసి చూడు, అప్పుడు రాయి."

మొదటి దానపత్రం ముత్యాలుకే అందింది. తరవాత ఆ ముగ్గురికీ అందాయి, తక్కినవాళ్లు ఉత్తచేతులతో ఇళ్లకు పోయారు.

ఆ సాయంత్రం ముత్యాలు పట్టుచీర ఉతికి, గంజిపెట్టి, మడత పెట్టి వరదమ్మకు ఇచ్చేసింది. వరదమ్మ తలవంచుకుని పైబట్ట ఇచ్చింది. దానికి అంటిన జవ్వాది వాసన వదలడానికి రెండు ఉతుకులు పట్టింది.

ఊరందరి బట్టలకూ గుర్తులు పెట్టే నూకమ్మ, తన ఇంటి బట్టకు ఎన్నడూ గుర్తు పెట్టలేదు. ఎవరు ఎత్తుకుపోతారులే అనుకునేది. ఆ రోజు మొదటిసారి జీడిరసం తీసి, కూతురి పైబట్ట మూల ఒక్క చుక్క పెట్టింది. పున్నమినాడు ముత్యాలు అదే కప్పుకుని, మొదటి బియ్యం మూట తండ్రి నెత్తిన పెట్టి, గుట్ట ఎక్కింది. విద్యాపీఠం గడప దగ్గర ఆ బట్టను ఎవరూ ఆపలేదు.

అందుకే పెద్దలంటారు: కట్టిన గుడ్డను చూసి కడుపులో ఆకలిని కొలవకూడదు, ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్లకు వాళ్ల అతుకే సాక్ష్యం పలుకుతుంది.